జెముడుకు ఆముదం చుట్టం

కిష్టవ్వ కన్ను మీద బెల్లంపల్లి దిక్కు గనుల దగ్గర అందరికీ గురి. లోపలి నుంచి పైకొచ్చిన బొగ్గు ఇనుప బెల్టు మీద కదిలిపోతుంటే, రెండు పక్కలా ఆడవాళ్ళు నిలబడి అందులోని రాయిని ఏరి పారేయాలి. బొగ్గూ నలుపే, రాయీ నలుపే. కొత్తగా చేరినవాళ్ళు బొగ్గును పారేసి రాయిని పోనిచ్చి తిట్లు తింటారు. కిష్టవ్వ అలా తిట్లు తిన్నది మొదటి నెల మాత్రమే. ఆ తరువాత ఆమె చెయ్యి దేని మీద పడితే అది రాయే. బెల్టు ఆగదు, రెండోసారి చూసే వీలుండదు, కాబట్టి చూడగానే తేల్చేయడం ఆమెకు అలవాటైపోయింది. ఆ అలవాటు ఇంటికి కూడా వచ్చింది. అంగట్లో వంకాయలనైనా, బడి ఎగ్గొట్టిన కొడుకులు చెప్పే సాకులనైనా ఒక్క చూపుతో తేల్చేసేది. మొగుడు మొగిలి గనిలో బొగ్గు కొట్టే మనిషి, నెమ్మదస్తుడు. "దేవుడు నీకు కండ్లిచ్చిండు గని రెప్పలు ఇయ్య మరిశిండు" అని నవ్వేవాడు.

ఆ కన్నే ఆమెను ముంచింది. ముంచిందని తెలియడానికి తొమ్మిదేళ్ళు పట్టింది.

కిష్టవ్వ పుట్టింది హుస్నాబాద్ దగ్గరి ఒక పల్లెలో. తండ్రి చిన్నప్పుడే పోయాడు. నలభై ఎనిమిదిలో, రజాకార్లు ఊళ్ళ మీద పడుతున్న రోజుల్లో, ఒక తెల్లవారుజామున ఊరంతా లేచి దారి పట్టింది. కిష్టవ్వకు పదహారేళ్ళు. జ్వరంతో ఉన్న తల్లిని ఒక చేత్తో, నాలుగేళ్ళ చెల్లెలు కనకిని ఇంకో చేత్తో పట్టుకుని నడిచింది. హుజూరాబాద్ దారిలో ఎవరో "రజాకార్ల మోటరొస్తుంది" అని అరిచారు. అంతే, బండ్లు, ఎడ్లు, మనుషులు, అందరూ ఒక్కసారిగా చేలల్లోకి పడ్డారు. లేచి చూసుకుంటే ఒక చేతిలో తల్లి ఉంది, ఇంకో చెయ్యి ఖాళీగా ఉంది. రెండు రోజులు ఆ చేలన్నీ తిరిగారు. గొంతులు పగిలేట్టు పిలిచారు. దొరకలేదు.

తల్లి ఆ ఏడాది దాటలేదు. పోయేముందు పెద్దకూతురిని ఒక్క మాట కూడా అనలేదు, అదే కిష్టవ్వకు గుచ్చుకుంది. ఒక్కసారి తిట్టి ఉంటే ఎంతో కొంత తేలికయ్యేదని తరువాత మొగిలితో చాలాసార్లు అంది.

పెళ్ళయింది, బొగ్గుగనుల ఊరికి వచ్చింది, ఇద్దరు కొడుకులు పుట్టారు. రాజ్యం మారింది, జెండాలు మారాయి. కిష్టవ్వకు మాత్రం ఏళ్ళు కనకి వయసుతోనే నడిచేవి. ఈ ఏడు దానికి ఏడేండ్లు, ఈ ఏడు ఎనిమిది. జాతరకు పోయినప్పుడల్లా ఆ వయసు పిల్ల చేతికి పట్టే గాజులు కొనేది. గాజులమ్మే ఆమె "బిడ్డకా?" అని అడిగితే "చెల్లెకు" అనేది. ఇంటికి తెచ్చి డబ్బాలో పెట్టేది. మొగిలి ఆ డబ్బాను చూసి చూడనట్టు ఉండేవాడు. మంచి మనిషి, అంతకన్నా ఆయన మాత్రం ఏం చేస్తాడు.

యాభై నాలుగులో బెల్టు మీద పక్కన నిలబడే ఒకామె కబురు చెప్పింది. ఆమెది హుజూరాబాద్. అక్కడ సాలెల వాడలో కమలవ్వ అనే ఆమె ఇంట్లో ఒక పిల్ల ఉందట. గడబిడ రోజుల్లో చేలల్లో దొరికిందట, ఏడాది దాకా మాట రాలేదట, పేరేదో చెప్పలేకపోతే వాళ్ళే నర్మద అని పెట్టుకున్నారట. కిష్టవ్వ ఆ మాట విన్నదే తడవుగా పని వదిలి, మొగిలిని వెంటబెట్టుకుని ప్యాసింజరు బండి ఎక్కింది. జమ్మికుంటలో దిగి, అక్కడి నుంచి ఎడ్లబండి మీద పోయింది. నాలుగు క్రోసుల దూరం నుంచే ఆ పిల్లను ఎత్తుకున్నట్టు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

కమలవ్వ మంచినీళ్ళిచ్చింది. పిల్లను లోపలి నుంచి పిలిచింది. వచ్చిన పిల్లకు పదేళ్ళుంటాయి. సన్నగా, తెల్లగా, కాస్త వంగి నడుస్తోంది. కిష్టవ్వ దాని రెండు చేతులూ పట్టుకుని తిప్పి చూసింది. పొడుగాటి వేళ్ళు, దారం ఒరిసి ఒరిసి చూపుడు వేలికి సన్నటి గీత. పొద్దస్తమానం రాట్నం దగ్గర కూర్చుని మగ్గానికి నూలు కండెలు చుట్టే పిల్ల చేతులు. కిష్టవ్వ మనసులో ఉన్న కనకి బొద్దుగా, నల్లగా, మట్టిలో దొర్లుతూ, కాళ్ళు దబదబ నేలకేసి కొడుతూ నడిచేది. తమ ఇంటివాళ్ళవి వెడల్పాటి అరచేతులు, నాట్లు వేసే చేతులు. ఆమె కన్ను బెల్టు మీద పనిచేసినట్టే పనిచేసింది. రెండోసారి చూడలేదు.

"గీ పిల్ల మా పిల్ల గాదు" అంది.

పిల్ల చేతులు వెనక్కి తీసుకుని లోపలికి పోయింది. కమలవ్వ ముఖంలో ఒక తేలిక కనిపించింది, అదీ న్యాయమే, ఆరేళ్ళు అన్నం పెట్టింది కదా. కిష్టవ్వ తిరుగు దారిలో ఏడ్చింది. పిల్ల దొరకలేదని ఏడ్చింది. ఎంత గుడ్డి ఏడుపో అది.

తరువాత తొమ్మిదేళ్ళు గడిచాయి. గాజుల డబ్బా నిండింది. కొత్త డబ్బా కొనలేదు.

అరవై మూడులో హైదరాబాదు నుంచి కొండల్ రావు అనే చెట్ల శాస్త్రం సారు గని దగ్గరికి వచ్చాడు. కాలేజీలో పాఠాలు చెబుతాడట. చేతిలో చిన్న సుత్తె, భుజాన సంచి, నెత్తిన పెద్ద టోపీ. ఏరేసిన రాళ్ళ కుప్ప మీద ఎండలో కూర్చుని రాళ్ళు పగలగొట్టుకుంటుంటే ఆడవాళ్ళు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. తాము పొద్దంతా పారేసే రాయి కోసం అంత దూరం నుంచి వచ్చిన మనిషిని వాళ్ళు అప్పటిదాకా చూడలేదు.

ఆయనకు కావలసింది ఆకుల అచ్చులున్న రాళ్ళు. అవి బెల్టు ఆడవాళ్ళకు కొత్తేమీ కాదు. బొగ్గు పైపొరలోని రాయి పలకలుగా విడిపోతే లోపల ఆకు ముద్ర ఉంటుంది, ఈనెలతో సహా. మైసమ్మ రాసిన రాత అని కొందరు కళ్ళకద్దుకుని మరీ పారేసేవాళ్ళు. జమేదారు కిష్టవ్వను చూపించి "గీమె కంటికి చిక్కంది లేదు సారూ" అన్నాడు. ఆ రోజు నుంచి పని దిగాక కిష్టవ్వ సారుకు రాళ్ళు ఏరిపెట్టేది. మూడు రోజుల్లో గోనెసంచి నింపింది. సారు సంబరపడిపోయి, ఆమెను కూర్చోబెట్టి భూతద్దంలోంచి ఆకు ఈనెలు చూపించాడు.

"ఇది మామిడాకు గదా సారూ" అంది కిష్టవ్వ, ఒక్క చూపుకే.

సారు నవ్వాడు. "అందరూ గట్లనే అంటరమ్మా. మామిడి పుట్టక ముందు, పువ్వు అన్నదే లోకంల లేని రోజుల ఆకు ఇది. ఇరవై కోట్ల ఏండ్లు దాటింది. నాలుక తీరుగ ఉంటది కాబట్టి మేము నాలుకాకు అంటం. మామిడికి దీనికి పొత్తు లేదు."

"మరి దీని చుట్టాలెవరు?"

"గదే తెలుస్తలేదు. నేను తిరిగేది గందుకే. ఆకు ఒక్కటి చూసి చుట్టరికం చెప్పలేం. దీని విత్తనం, కాయ దొరికితే, ఆకును అంటుకొని దొరికితే, అప్పుడు కొంత తెలుస్తది."

ఒక పాడుపడిన ఆకుకు చుట్టాలను వెతుకుతూ ఈ ఎండలో తిరుగుతున్నాడా మనిషి అని కిష్టవ్వకు మొదట నవ్వు వచ్చింది. తరువాత రాలేదు. తను చేస్తున్నది మాత్రం ఏమిటి.

మరునాడు ఆఫీసు కంచె పక్కగా పోతుంటే సారు ఆగాడు. అక్కడ కంచెకు రెండు రకాల ముళ్ళచెట్లు ఉన్నాయి. ఒకటి అట్లపెనం లాంటి పలకలతో నాగజెముడు, ఇంకొకటి మూడంచుల కొమ్మలతో బొంతజెముడు. పక్కనే గట్టు మీద ఎవరో వేసిన ఆముదపు చెట్టు.

"కిష్టవ్వా, నీ కన్ను మంచిది గద. ఈ మూడింట్ల ఏవి రెండు చుట్టాలు, చెప్పు."

"గిదొక అడుగుడా సారూ. రెండు జెముళ్ళు అక్కజెల్లెండ్లు లెక్కనే ఉన్నయి. ఆముదానికి ముల్లు లేదు, ఏం లేదు. అది వేరే."

సారు నాగజెముడు పలకను సుత్తెతో కొట్టాడు, జిగురు నీళ్ళు వచ్చాయి. బొంతజెముడు కొమ్మను కొట్టాడు, తెల్లగా పాలు కారాయి. తరువాత బొంతజెముడుకు ఎక్కడో మిగిలిన ఒక చిన్న కాయను, ఆముదపు కాయను రెండింటినీ తెంపి, అరచేతిలో పక్కపక్కన పెట్టి అడ్డంగా కోశాడు. ఒకటి పెసరగింజంత, ఇంకొకటి ఉసిరికాయంత. రెండింటిలోనూ మూడే గదులు. గదికొక గింజ.

"బొంతజెముడు, ఆముదం ఒక ఇంటివి. నాగజెముడు పరాయిది, సముద్రాలు దాటి వచ్చింది. ఎండల బతికినందుకు రెండింటికీ ఒళ్ళు లావైంది, ముండ్లొచ్చినయి. ఎండ చేసిన పని అది, చుట్టరికం గాదు. ఆముదం తడి నేల మీద సుఖంగ పెరిగింది, పెద్దపెద్ద ఆకులేసుకున్నది. ఆ ఒళ్ళు జూసి వేరే అనుకుంటం. జెముడు ఆముదానికి పుట్టలేదు, ఆముదం జెముడుకు పుట్టలేదు. ఎప్పుడో ఒక్క తల్లికి రెండూ పుట్టినయి. ఆ తల్లి ఇప్పుడు లేదు. కాయల మాత్రం ఆ తల్లి ఇంటి తీరు మిగిలింది."

కిష్టవ్వ ఆ రెండు కాయలనూ తన చేతిలోకి తీసుకుంది. వాటి గదుల మీద వేలు పెట్టి లెక్కపెట్టింది.

"మనుషులల్ల గూడ గంతేనా సారూ?"

"చాలా మట్టుకు గంతే. గని మనుషుల చేతులన్నీ ఒక్క తీరుగుంటయి, నల్లగ, గట్టిగ. అందరూ చుట్టాలా? పని చేసిన గుర్తులు వేరు, పుట్టుక గుర్తులు వేరు. ఏ పనికీ అక్కరలేంది, ఏ ఎండా మార్చలేంది చూడాలె." సారు ఆమె ముఖం వైపు చూసి, మామూలుగా అన్నాడు. "నీ చెవి ముందర సూది గుచ్చినట్టు చిన్న తొర్ర ఉన్నది చూడు. అది పుట్టుకతోటి వచ్చిందే గదా. దానితోటి ఏ పనీ గాదు. మీ ఇంట్ల ఇంకెవరికన్న ఉన్నదా?"

"మా అవ్వకుండె" అంది కిష్టవ్వ. వేలితో ఆ తొర్రను తడుముకుంది.

కమలవ్వ వాకిట్లో చేతులు వెనక్కి తీసుకుని లోపలికి తిరిగిన పిల్ల కళ్ళ ముందు నిలిచింది. నూనె పెట్టి గట్టిగా వెనక్కి దువ్విన జుట్టు. ఎడమ చెవి ముందు చిన్న గుంట. ఆ రోజు కిష్టవ్వ దాన్ని చూసింది. చూడకపోవడం ఆమె వల్ల కాదు, ఆ కన్ను అన్నిటినీ చూస్తుంది. అమ్మవారు పోసిన మచ్చ అనుకుంది. అనుకుని, చేతుల వైపు చూసి తేల్చేసింది. చిన్నప్పటి కనకికి ఆ గుంట ఉందో లేదో ఎంత గింజుకున్నా గుర్తు రాలేదు. ఎప్పుడూ చింపిరి జుట్టు, ఎప్పుడూ చెవుల మీద పడి ఉండేది.

కిష్టవ్వ అక్కడే మట్టిలో కూర్చుంది. సారు పరేషాన్ అయిపోయి నీళ్ళు తెప్పించాడు. సంగతి విన్నాక తల పట్టుకున్నాడు.

"ఒక్క గుర్తు వట్టుకొని చుట్టరికం కలపొద్దమ్మా. నాలుగైదు గుర్తులు గలవాలె. మాకాడ పెద్ద పెద్దోళ్ళే గక్కడ తప్పు జేసిండ్రు."

"తొమ్మిదేండ్ల కింద నేను ఒక్కటి గూడ కలిపి చూడలే సారూ" అంది కిష్టవ్వ.

ఆ రాత్రి ఇంట్లో మొగిలి అంతా విన్నాడు. అన్నం ముందు నుంచి లేచి చెయ్యి కడుక్కున్నాడు. "రేపు సెలవు వెట్టు. పో. నేనొస్తే నువ్వు నా ముఖం జూసి మాట్లాడుతవు. ఒక్కదానివే పో" అన్నాడు.

హుజూరాబాద్‌లో సాలెల వాడ అలాగే ఉంది. కమలవ్వ పోయిన ఏడు చనిపోయిందని, ఆమె పెంచిన నర్మదను వాడలోనే ఇచ్చారని, పక్కింట్లోనే కమలవ్వ సొంత బిడ్డ సరోజన కాపురముంటుందని దారిలోనే తెలిసింది. నర్మద వాకిట్లో రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతోంది. లోపల మొగుడి మగ్గం చప్పుడు. తలెత్తి చూసి, రాట్నం ఆపి లేచింది. చాప వేసింది.

"కూసోండ్రి" అంది.

ఆ మాట కిష్టవ్వకు చెంపదెబ్బలా తగిలింది. అక్కను ఎవరూ కూసోండ్రి అనరు.

"నన్ను గుర్తువట్టినవా బిడ్డా?"

"పట్టిన. నా చిన్నప్పుడు వచ్చిండ్రు. చేతులు వట్టుకొని జూసిండ్రు."

దారి పొడవునా కూడబెట్టుకున్న మాటలన్నీ పోయాయి. చెవి గురించి అడగాలి, ఇంకా నాలుగైదు గుర్తులు కలపాలి, నెమ్మదిగా చూడాలి అని ఎంతో అనుకుంది. "తప్పు జేసిన" అన్నది ఒక్కటే నోట్లోంచి వచ్చింది. "నువ్వు మా కనకివే. నేనే తప్పు జూసిన."

నర్మద ఆశ్చర్యపోలేదు. రాట్నం మీద తెగి వేలాడుతున్న దారం కొసను వెతికి పట్టుకుంది.

"నాకెరుకే" అంది.

"ఎప్పుడెరుకైంది?"

"గా పొద్దే. మీరు వాకిట్ల నిలవడి మంచినీళ్ళు అడిగిండ్రు. గొంతు ఇనంగనే లోపట కండె ఇడిశిపెట్టిన. అక్క వచ్చిందని లేసి వస్తున్న, గంతల్నే అమ్మ నన్ను పిలిచింది. వచ్చి నిలవడ్డ. మీరు చేతులు జూసి కాదన్నరు. అక్కనే కాదన్నంక నేనేం జెప్పాలె. నాకే తప్పు గుర్తున్నది గావచ్చు అనుకున్న."

మగ్గం చప్పుడు ఆగింది, లోపల మొగుడు వింటున్నాడు కాబోలు. మళ్ళీ మొదలైంది.

"సరోజనను గప్పటిదాక నేను అక్క అనకపోతుంటి" అంది నర్మద. గొంతులో కోపం లేదు, అదే కిష్టవ్వకు భరించరానిదైంది. "అమ్మ ఎన్నిసార్లు జెప్పినా పేరువెట్టే పిలుద్దును. నా అక్క వేరే ఉన్నది, వస్తది అని. మీరు పోయినంక, గదే రోజు సరోజనను అక్క అన్న. పాపం సరోజన ఏడ్చింది. ఇయ్యాల్టిదాక గామెనే అక్క. నాకు జరమొచ్చినా, కడుపువోయినా గామెనే జూసింది. ఇప్పుడు మిమ్ములను ఆ పిలుపు పిలువుమంటే నోరొస్తలేదు."

కిష్టవ్వ ఏడ్చింది. కొంగు అడ్డం పెట్టుకోలేదు. ఆ ఏడుపు ముగిసేదాకా నర్మద కండె చుట్టలేదు, దగ్గరికీ రాలేదు. తరువాత లోపలికి పోయి జొన్నరొట్టె, పచ్చిపులుసు తెచ్చి పెట్టింది. రొట్టె తుంచుతున్న నర్మద చేతుల వైపు కిష్టవ్వ చూడలేకపోయింది.

"పిలువకు తల్లీ" అంది లేచేటప్పుడు. "అక్క అని పిలువుమని నేను అడుగ. నెలకొక్కసారి వచ్చి చూసిపోనియ్యి, గంతే."

నర్మద వద్దనలేదు.

అప్పటి నుంచి నెలనెలా ఒక సెలవు రోజు కిష్టవ్వ ప్యాసింజరు ఎక్కింది. మొదట్లో ఏదో ఒకటి పట్టుకుపోయేది, నర్మద ముఖం చూసి మానేసింది. చాప మీద కూర్చునేది. పప్పు చెరిగేది, కూరగాయలు తరిగేది. కండెలు చుట్టబోయి దారం తెంపేసేది, నర్మద ముడేసుకునేది. ఒకసారి సరోజన వచ్చి పక్కన కూర్చుంది. ఇద్దరూ వానల గురించే మాట్లాడుకున్నారు. నర్మదకు కూతురు పుట్టినప్పుడు పురిటికి సరోజనే ఉంది. కిష్టవ్వకు పదకొండో రోజున కబురు అందింది. రైల్లో కిటికీ దగ్గర కూర్చుని, తనకూ ఆ ఇంటికీ మధ్య ఇక ఎంత దూరం ఉంటుందో అంతే ఉంటుందని ఒప్పుకుంది. ఒప్పుకుంది కానీ ఆశ పోలేదు. పోయే రకం ఆశ అయితే గాజుల నాడే పోయేది.

ఐదేళ్ళు అలాగే గడిచాయి. అరవై ఎనిమిదిలో వాడలోకి కొత్తగా కాపురానికొచ్చిన ఒకామె నూలు అడగడానికి నర్మద వాకిట్లోకి వచ్చింది. చాప మీద చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్న కిష్టవ్వను చూసి, గొంతు తగ్గించకుండానే అడిగింది.

"ఎవలే గీమె? నెలనెలా వస్తది. మీ అత్తగారి దిక్కా?"

నర్మద రాట్నం ఆపలేదు. చేతిలోని కండె నిండేదాకా తిప్పింది.

"నన్ను గన్న తల్లికి పెద్దబిడ్డ" అంది.

"గట్ల తిప్పి చెప్పుడెందుకే. అక్క అనరాదు?"

నర్మద రాట్నం తిరుగుతూనే ఉంది. కిష్టవ్వ చిక్కుడుకాయల మీద నుంచి తల ఎత్తలేదు. ఎత్తి చూస్తే ఆ ఉన్న మాటను కూడా నర్మద వెనక్కి తీసుకుంటుందేమోనని ఆమెకు భయమేసింది.